ఇంటి జవాబు, ఊరి లెక్క



1951లో జనాభా లెక్కలవాళ్ళు తిరుత్తణి తాలూకాలో ఇంటింటికీ వచ్చారు. వాళ్ళు అడిగిన ప్రశ్నల్లో మాతృభాష ఒకటి. కొందరు తెలుగన్నారు, కొందరు తమిళమన్నారు. ఆ జవాబుల మొత్తం ఒకనాడు రాష్ట్ర సరిహద్దునే కదిలిస్తుందని వాళ్ళలో ఎందరు ఊహించి ఉంటారు?

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు తిరుత్తణి కూడా అందులో చేరింది. వివాదం రేగింది. మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, ఏ భాషవారు ఎక్కువో చూశారు. 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. చెంగల్పట్టు జిల్లా గ్రామాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సరిహద్దు తేల్చడానికి కావలసింది ఊరి మొత్తమే గాని, ఫలానా ఇంటివారు ఏమి చెప్పారన్నది కాదు. 1948 జనాభా లెక్కల చట్టం ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలంటుంది. అదే చట్టం ఆ రిజిస్టరును ఎవరూ తెరిచి చూడరాదనీ, వ్యాజ్యాల్లో సాక్ష్యంగా పెట్టరాదనీ అంటుంది. రహస్యం బయటపెట్టిన ఉద్యోగికి శిక్ష ఉంది. ఆ భరోసా లేకపోతే ఎవరు నిజం చెబుతారు?

అయితే బ్యాంకుకిచ్చిన కాగితం మాటేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో 1986లో స్టాంపుల చట్టాన్ని సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా పత్రాలు తనిఖీ చేసి స్వాధీనం చేసుకోవచ్చన్నారు. హైదరాబాదులో మొదలైన కెనరా బ్యాంకు వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన ఖాతాదారుని గోప్యత పోదని 2004లో తీర్పు వచ్చింది. ఆ సవరణ నిలవలేదు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు.

దాని వెనుకే 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కంపెనీ మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నదో ముందే చెప్పాలి. చెప్పిన పనికే వాడుకోవాలి. పని తీరాక, వేరే చట్టం ఉంచమంటే తప్ప, చెరిపివేయాలి. సమాచారం బయటికి పొక్కితే మనకూ, బోర్డుకూ తెలియజేయాలి. భద్రత పాటించని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉండటం మాత్రం చాలామందికి రుచించలేదు.

ఈ చట్టంలో మనకు దగ్గరి మాట ఒకటుంది. సమ్మతి కోరే పత్రాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. అంటే సరిహద్దు ఎటు జరిగినా, తిరుత్తణిలోని తెలుగు కుటుంబం ఆ పత్రాన్ని తెలుగులో అడగవచ్చు. అడిగి, చదివి, ఆ తరువాతే వేలిముద్ర వేద్దాం.