మైన్‌క్రాఫ్ట్ సర్వరుల వివాదము

పలువురు పిల్లలు కూడి ఆడుకొనుటకు ఒక మైదానము కావలెను. ఇంటర్నెట్టుపై ఆడు కంప్యూటరు ఆటలకు అట్టి మైదానమే సర్వరు. అది రేయింబవళ్లు నడచు ఒక కంప్యూటరు. ఎవరు ఎక్కడ నిలిచియున్నారో, ఏ గోడ కూలినదో, ఎవరి సంచిలో ఏమున్నదో లెక్క వ్రాసికొని, ఆ లెక్కను ఆటగాండ్రందరికి క్షణక్షణము పంపుచుండును. దీనికి అద్దె, కాపలా కావలెను. ఆ భారము మోయువాడు సర్వరు నిర్వాహకుడు. ఖర్చు అతనిది, శ్రమ అతనిది. ఆట మాత్రము మరియొకరిది. చిక్కంతయు ఇచ్చటనే పుట్టినది.

ఆటల కంపెనీలన్నియు ఇతరుల చేర్పులకు విరోధులని తలంపరాదు. 1993 డిసెంబరులో అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన 'డూమ్' ఆటలో పటములు, బొమ్మలు, ధ్వనులు ప్రధాన ప్రోగ్రాము నుండి విడదీసి వేరు ఫైలులో ఉంచబడినవి. ఆడువారు తమ పటములను తామే చేర్చుకొనుటకై సంస్థ బుద్ధిపూర్వకముగా చేసిన ఏర్పాటది.

స్వీడనులోని మోజాంగ్ కంపెనీవారి 'మైన్‌క్రాఫ్ట్' కథ వేరు. ఈ ఆట పూర్తి రూపములో 2011 నవంబరు 18న వెలువడినది. సర్వరు ప్రోగ్రామును కంపెనీ ఉచితముగానే ఇచ్చినది గాని, కొత్తవి చేర్చుటకు ద్వారమేదియు ఉంచలేదు. అంతకు ముందే, 2010 చివర, కొందరు ఔత్సాహికులు ఆ ద్వారమును తామే తెరచిరి. జావా భాషలో వ్రాసిన ప్రోగ్రామును యంత్రరూపము నుండి మనుష్యులు చదువదగిన రూపమునకు చాలవరకు మరల్చవచ్చును. అయితే కంపెనీ అందలి పేర్లను ఏ, బి, సి వంటి అర్థము లేని అక్షరములుగా మార్చియుంచినది. 'బుక్కిట్' అను బృందము ఆ ముడులను ఓపికతో విప్పి, ఎవరి చేర్పులు వారు తగిలించుకొనుటకు కొక్కెములవంటివి అమర్చినది. వాటిపై వేలకొలది చేర్పులు వెలసినవి: దొంగలు చొరరాని పేటలు, అంగళ్లు, పందెములు. 2012 ఫిబ్రవరిలో బుక్కిట్ ముఖ్యులను మోజాంగ్ ఉద్యోగములలోనికి తీసికొన్నది.

ఖర్చు రాబట్టుటకు పలువురు నిర్వాహకులు ఆటలోని పదునైన ఖడ్గములను, హోదాలను డబ్బుకు విక్రయించిరి. పిల్లలు వీటికై పెట్టిన డబ్బు తిరిగి ఇమ్మని తల్లిదండ్రులు మోజాంగ్‌కు వ్రాయసాగిరి. 2014 జూనులో కంపెనీ నిబంధనలు ప్రకటించినది. ప్రవేశరుసుము, విరాళము, ప్రకటనల ఆదాయము తీసికొనవచ్చును, అలంకారములు అమ్మవచ్చును, ఆటలో బలమునిచ్చు వస్తువులు అమ్మరాదు. అలంకారములలోను భుజములపై వ్రేలాడు అంగవస్త్రము మాత్రము నిషిద్ధము! ఆగస్టు 1 గడువు. నిజమునకు ఇది సడలింపే. పూర్వపు ఒప్పందము ప్రకారము అసలు డబ్బే తీసికొనరాదు. కాని ఏండ్ల తరబడి కంపెనీ వహించిన మౌనమును నిర్వాహకులు అనుమతిగా భావించి జీవనోపాధులు కల్పించుకొనిరి. నిబంధనలో న్యాయమున్నను, వారి ఆక్రోశము నిరాధారము కాదు.

ఆగస్టు 21న బుక్కిట్ నాయకుడు ఆ పని ముగిసినదని ప్రకటించెను. 2012 నుండి బుక్కిట్ తమదేనని మోజాంగ్ వెంటనే వెల్లడించినది. అంతవరకు వేతనము లేక పాటుపడిన సహాయకులకు ఇది పిడుగుపాటు. సెప్టెంబరు మొదటి వారములో వారిలో ఒకరు అమెరికా కాపీరైటు చట్టము క్రింద నోటీసు ఇచ్చిరి. వాదము సూటియైనది. వారి భాగము జి.పి.ఎల్. అను స్వేచ్ఛా అనుమతిపత్రముతో ఇచ్చినది. దానితో కలిపి పంచు ప్రోగ్రాము మూలమంతయు బహిరంగముగా ఉండవలెనని ఆ పత్రపు షరతు. అదే మూటలో మోజాంగ్ వారి రహస్యమూలము కూడ కలదు. రెండును ఒక మూటలో ఇమడవు. పంపిణీ నిలిచిపోయినది. ఆ నెల 15ననే మైక్రోసాఫ్ట్ మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొనుచున్నట్లు ప్రకటించినది.

పరిష్కారము న్యాయస్థానము నుండి రాలేదు. బుక్కిట్ నుండి చీలిన 'స్పిగాట్' బృందము మూట కట్టుటయే మానివేసినది. మూలములో ఏ పంక్తి తీసివేయవలెను, ఏ పంక్తి చేర్చవలెను అను జాబితాను మాత్రమే పంచినది. నిర్వాహకుని కంప్యూటరే మోజాంగ్ ప్రోగ్రామును దాని అసలు చోటి నుండి తెచ్చుకొని, ఇంటిలోనే విప్పి, సవరణలు అతికి, తిరిగి కట్టును. రెండు సరకులు కలిసినను, కలిపిన సరకు ఇల్లు దాటదు. దర్జీ చొక్కా పంపక, కత్తిరింపు కొలతలు మాత్రము పంపినట్లు!

ఇంతకాలము ఔత్సాహికులు తడవి తడవి కనుగొన్న ఆ అక్షరముల అసలు పేర్ల పట్టికను 2019 సెప్టెంబరులో మోజాంగ్ తానే ప్రచురింప మొదలిడినది.