సామాన్య ఆటగాడు - అసామాన్యమైన తీర్పు

క్రీడాచరిత్రములు సాధారణముగా విజేతల చరిత్రములు. ఎవరు ఎన్ని గోలులు చేసిరి, ఏ కప్పు ఏ యేట ఎవరికి దక్కెను అనునవే వానిలోని ముఖ్యఘట్టములు. ఈ ప్రసంగములో మేము పరిచయము చేయబోవు ఆటగాడు అట్టి విజేత కాడు. ఆతడు బెల్జియం దేశస్థుడగు జాన్ మార్క్ బోస్మన్. మైదానములో ఆతడు మిడ్‌ఫీల్డరు. అనగా గోలును కాచువారికిని, గోలు చేయువారికిని నడుమ నిలిచి, వెనుకనుండి వచ్చిన బంతిని ముందునకు అందించువాడు. అట్టివానిని ప్రేక్షకులు పొగడుట అరుదు. ఆతడు బంతిని పోగొట్టుకొన్నప్పుడు మాత్రము అందరును గమనింతురు. ఇట్టి సామాన్య ఆటగాని పేరు నేడు ఐరోపా న్యాయశాస్త్ర గ్రంథములలో నిలిచియున్నది. అది ఎట్లు జరిగినదో, అందువలన ఎవరికి ఏమి లభించినదో తెలిసికొనదగిన విషయము.

మొదట ఒక సంగతి గ్రహింపవలెను. కర్మాగారములో పనిచేయువాడు ఒప్పందము ముగిసిన మరునాడే వేరొక కర్మాగారమునకు పోవచ్చును. పాత యజమాని ఆతనిని ఆపజాలడు. క్రొత్త యజమానినుండి సొమ్ము అడుగజాలడు. వృత్తి ఫుట్‌బాల్ ఆటగానికి ఈ స్వేచ్ఛ చాలకాలము లేకుండెను. ఇంగ్లండులో 1893వ సంవత్సరము మొదలుకొని ఫుట్‌బాల్ లీగు ఒక పద్ధతిని పాటించుచు వచ్చినది. ఒప్పందపు గడువు తీరినను క్లబ్బు ఆటగానిని అట్టిపెట్టుకొనవచ్చును. లేదా రుసుము తీసికొని మరియొక క్లబ్బునకు బదిలీ చేయవచ్చును. న్యూకాజిల్ యునైటెడ్ క్లబ్బును విడిచిపోగోరిన జార్జి ఈస్టుహామ్ అను ఆటగాడు అనుమతి దొరకక, ఆట మాని, కొంతకాలము వేరొక ఉద్యోగముతో జీవింపవలసివచ్చెను. ఆతడు వేసిన వ్యాజ్యములో 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్, గడువు తీరిన ఆటగానిని అట్టిపెట్టుకొనుట వృత్తిస్వేచ్ఛకు అక్రమమైన నిర్బంధమని తీర్పు చెప్పెను. అయినను బదిలీ రుసుము అను ఆచారము అంతరింపలేదు. ఐరోపా ఖండమునందలి పెక్కు దేశములలో, ఒప్పందము ముగిసిన ఆటగానికి సైతము ధర కట్టుట కొనసాగుచునే యుండెను.

బోస్మన్ 1964లో లియేజ్ నగరమున జన్మించెను. మ్యూజ్ నది ఒడ్డున బొగ్గు గనులతోను, ఉక్కు కర్మాగారములతోను పెరిగిన నగరమది. ఆతడు మొదట స్టాండర్డ్ లియేజ్ క్లబ్బులో ఆడి, 1988 మే నెలలో అదే నగరములోని ఆర్.ఎఫ్.సి. లియేజ్ క్లబ్బులో చేరెను. ఈ క్లబ్బు సామాన్యమైనది కాదు. 1896లో బెల్జియం దేశపు మొట్టమొదటి లీగు విజేత అదియే. బోస్మన్ ఒప్పందము 1990 జూన్ 30 వరకు. బహుమానములతో కలిపి నెలకు సగటున 1,20,000 బెల్జియం ఫ్రాంకులు ఆతనికి ముట్టుచుండెను.

గడువు తీరుటకు రెండు నెలలు ముందుగా, 1990 ఏప్రిల్ 21న, క్లబ్బు క్రొత్త ఒప్పందమును ఆతని ముందుంచెను. ఒక్క సంవత్సరమునకే, జీతము నెలకు 30,000 ఫ్రాంకులు. అనగా పూర్వపు జీతములో నాలుగవ వంతు. బెల్జియం ఫుట్‌బాల్ సంఘపు నియమములు అంతకన్న తక్కువ ఇయ్యనొప్పవు గనుక అచట ఆగినది. బోస్మన్ నిరాకరించెను. వెంటనే ఆతని పేరు బదిలీ పట్టికలోనికి ఎక్కెను. ఆతనిని కోరు క్లబ్బు, ఆతనికి ఆట నేర్పినందులకు పరిహారముగా, 1,17,43,000 ఫ్రాంకులు చెల్లింపవలెనని లెక్క తేలినది. ఆ లెక్క ఎట్టిదనగా: ఆటగాని సంవత్సరాదాయమును ఆతని వయస్సునుబట్టి 14 మొదలు 2 వరకు గల ఒక అంకెతో హెచ్చించుట. నేర్పుటకు నిజముగా ఎంత వ్యయమైనదో ఆ లెక్కలో చేరనే లేదు. జీతమిచ్చునప్పుడు ముప్పదివేలకే తగిన ఆటగాడు, పంపివేయునప్పుడు కోటికి పైగా వెలగలవాడాయెను. ఈ వైపరీత్యము ఒక్క క్లబ్బు దుర్బుద్ధి వలన పుట్టినది కాదు; నియమములే అట్లుండెను.

ఆ ధరకు కొనువారెవరును రాలేదు. బోస్మన్ స్వయముగా ప్రయత్నించి, ఫ్రాన్సు దేశపు ఉత్తరతీరమునగల డన్‌కెర్క్ పట్టణపు క్లబ్బును ఒప్పించుకొనెను. అది రెండవ శ్రేణి క్లబ్బు. నెలకు సుమారు 1,00,000 ఫ్రాంకుల జీతము, చేరినందులకు 9,00,000 ఫ్రాంకులు. రెండు క్లబ్బులును జూలై 27న ఒప్పందము వ్రాసికొనెను: ఒక సంవత్సరపు తాత్కాలిక బదిలీకి 12,00,000 ఫ్రాంకులు, పిదప శాశ్వతముగా తీసికొనదలచినచో 48,00,000. కాని ఇదంతయు ఒక కాగితముపై ఆధారపడియుండెను. ఆగస్టు 2వ తేదీనాటి మొదటి పోటీకి అందునట్లు బెల్జియం సంఘము బదిలీ పత్రమును ఫ్రెంచి సంఘమునకు పంపవలెను. డన్‌కెర్క్ క్లబ్బు సొమ్ము చెల్లింపగలదాయని లియేజ్ క్లబ్బునకు సందేహము కలిగి, పత్రము పంపుమని సంఘమును కోరలేదు. పత్రము పోలేదు, ఒప్పందము చెల్లలేదు. జూలై 31న లియేజ్ క్లబ్బు ఆతనిని ఆటనుండి నిలిపివైచెను. ఇరువదియైదేండ్ల ఆటగాడు, ఏ తప్పును చేయక, పనిలేనివాడాయెను.

ఆగస్టు 8న బోస్మన్ లియేజ్ న్యాయస్థానము తలుపు తట్టెను. వ్యాజ్యము ఐదేండ్లు సాగినది. ఆ యేండ్లలో ఆతని సంచారము గమనింపదగినది. నవంబరులో తాత్కాలికపు ఉత్తర్వు ఆతనికి అనుకూలముగా వచ్చుటచే ఫ్రాన్సులోని సెయింట్ క్వెంటిన్ క్లబ్బులో ఆడెను. మొదటి సంవత్సరాంతముననే ఆ ఒప్పందము రద్దాయెను. 1992లో హిందూ మహాసముద్రమునందలి రీయూనియన్ ద్వీపమునకు పోయి సెయింట్ డెనిస్ క్లబ్బులో చేరెను, అదియును నిలువలేదు. 1993 మే నెలలో స్వదేశమునకు మరలి, మూడవ శ్రేణిలోని ఒలింపిక్ షార్లెరువా క్లబ్బులో చేరెను. చట్టము విడిపించినను, ఆతనిని చేర్చుకొనదగిన ఐరోపా క్లబ్బులన్నియు ఆతనిని బహిష్కరించినట్లు బలమైన ఆనవాళ్లు కలవని బెల్జియం న్యాయస్థానమే అభిప్రాయపడెను.

తుదకు ప్రశ్న లక్సెంబర్గులోని ఐరోపా న్యాయస్థానమునకు చేరినది. 1995 డిసెంబరు 15న తీర్పు వెలువడెను. అందులో ముఖ్యాంశములు రెండు. మొదటిది: ఒప్పందము ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్యలోని ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవునపుడు బదిలీ రుసుము అడుగుట, పనివారు స్వేచ్ఛగా సంచరించు హక్కునకు విరుద్ధము. రెండవది: సమాఖ్య పౌరులైన ఆటగాండ్రను విదేశీయులుగా ఎంచి, పోటీలో ఇంతమందినే ఆడింపవలెనను పరిమితియు చెల్లదు. అప్పటివరకు ముగ్గురు విదేశీయులును, ఆ దేశములో ఐదేండ్లు ఎడతెగక ఆడిన మరి ఇద్దరును మాత్రమే ఆడవచ్చునను నిబంధన యుండెడిది.

క్లబ్బుల పక్షమున వచ్చిన వాదము త్రోసిపుచ్చదగినది కాదు. చిన్న క్లబ్బులు బాలురను చేరదీసి ఆట నేర్పును. పెద్ద క్లబ్బులు వారిని కొనుకొనిపోవును. ఆ సొమ్మే చిన్నవానికి జీవనాధారము. ఈ ఆశయము మంచిదేయని న్యాయస్థానమును ఒప్పుకొనెను. కాని నేర్చుకొన్న బాలురలో వృత్తిలో నిలుచువారు కొందరే గనుక ఆ సొమ్ము వచ్చునను నమ్మకము లేదనియు, దానికిని నేర్పుటకైన వ్యయమునకును సంబంధము లేదనియు, ఆ ఆశయమును మనుష్యుని కదలనీయక కట్టివేయని ఇతర మార్గములచే సాధింపవచ్చుననియు చెప్పెను. ఆదాయమును క్లబ్బులు పంచుకొనుట అట్టి మార్గములలో నొకటియని న్యాయస్థానపు అడ్వొకేట్ జనరల్ కార్ల్ ఆటో లెంజ్ అంతకుముందే సూచించియుండెను.

ఇక ఫలితములు. మొదటి లాభము ప్రసిద్ధులకు కలిగినది. 1995 మే నెలలో హాలెండు దేశపు అయాక్స్ క్లబ్బు మిలాన్‌ను ఓడించి ఐరోపా విజేత యయ్యెను. ఆ జట్టులోని డావిడ్స్, రైజిగర్ 1996లోను, క్లైవర్ట్ 1997లోను ఒప్పందములు ముగియగా, రుసుము లేకయే ఆ మిలాన్ క్లబ్బునకే పోయిరి. రుసుము క్రొత్త క్లబ్బునకు మిగిలినప్పుడు అందు కొంత జీతరూపమున ఆటగానికి చేరుట సహజమే. 1999 డిసెంబరు 26న లండను నగరపు చెల్సీ క్లబ్బు ఇంగ్లీషు ఆటగాడొక్కడును లేని జట్టుతో పోటీ ఆరంభించెను. మరియొక వంక చూడుడు. 1986లో బుకారెస్టు, 1988లో హాలెండుకు చెందిన పి.ఎస్.వి., 1991లో బెల్‌గ్రేడు క్లబ్బు ఐరోపా కప్పును గెలుచుకొనియుండెను. 1996 మొదలు 2025 వరకు ఇంగ్లండు, స్పెయిన్, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్సు దేశములకు వెలుపలి క్లబ్బు ఒక్క పోర్టో మాత్రమే, అదియు ఒక్కసారి, 2004లో ఆ విజయమునందినది. ఇందుకు ఈ తీర్పొక్కటే కారణమని మేము చెప్పుటలేదు. టెలివిజన్ సొమ్ము పెద్ద దేశములకు పోవుటయు బలమైన కారణము. అయినను తలుపు తెరచినప్పుడు గాలి ఏ వైపు ఎక్కువగా వీచునో ఆ వైపే ఆకులు పోవును.

గడువు ముగియని ఆటగాండ్రకు ధర నిలిచియే యున్నది. కనుక క్లబ్బులు దీర్ఘకాలపు ఒప్పందములు వ్రాయింప మొదలిడెను. ధరలు తగ్గుటకు మారు పెరిగెను. 2017లో నెయ్మార్ అను ఆటగానికై పారిస్ క్లబ్బు 22,20,00,000 యూరోలు చెల్లించినది. 2001లో ఐరోపా కమిషనుతో కుదిరిన ఒడంబడికవలన, 23 ఏండ్లలోపువారికి ఆట నేర్పిన క్లబ్బులకు పరిహారమిచ్చు నియమము ఏర్పడెను. చిన్న క్లబ్బులకు అది కొంత ఊరట.

కథ అంతటితో ముగియలేదు. లాసానా డియారా అను ఫ్రెంచి ఆటగాడు, ఈతడును మిడ్‌ఫీల్డరే, ఇంగ్లండులోను స్పెయిన్‌లోను ఆడి, 2013లో మాస్కోలోని లోకోమోటివ్ క్లబ్బులో చేరెను. మరుసటి యేట వివాదము పుట్టి ఒప్పందము రద్దయ్యెను; ఆటగాడే 1,05,00,000 యూరోలు పరిహారము ఇయ్యవలెనని తేల్చిరి. 2015లో బెల్జియంలోని స్పోర్టింగ్ షార్లెరువా క్లబ్బు ఆతనిని కోరినను, ఆ అప్పులో తనకును బాధ్యత పడునను భయముచేతను, బదిలీ పత్రము దొరకునను హామీ లేకపోవుటచేతను వెనుదీసెను. మరల అదే పత్రము! బోస్మన్ పక్షమున వాదించిన న్యాయవాదులలో ఒకడగు జాన్ లూయీ ద్యుపోన్ ఈ వ్యాజ్యములోను నిలిచెను. 2024 అక్టోబరు 4న ఐరోపా న్యాయస్థానము ప్రపంచ ఫుట్‌బాల్ సంఘపు నియమములు కొన్ని పనివారి సంచారస్వేచ్ఛకును, పోటీ చట్టమునకును విరుద్ధములని చెప్పెను.

బోస్మన్ సంగతి ఏమయ్యెను? తీర్పు వచ్చునాటికి ఆతనికి ముప్పదియొక యేండ్లు. ఆటగానికి మంచివయస్సు అనదగిన ఐదేండ్లు న్యాయస్థానముల మెట్లపై గడచిపోయెను. తాను గెలిచిన స్వేచ్ఛను అనుభవించుటకు ఆతని కాళ్లలో కాలము మిగులలేదు.

మహా ఆటగాండ్రెందరో ఉండగా ఈ పోరాటము ఆతని పాలికి ఏల వచ్చెను? మా అభిప్రాయములో కారణము సులభము. ప్రసిద్ధుడైన ఆటగానికై ఎంత రుసుమైనను ఇచ్చువారుందురు. నియమపు బరువు ఆతనికి తెలియదు. ఎవరును పెద్ద ధర పెట్టని సామాన్యునిపైననే ఆ బరువంతయు పడును. అన్యాయము మొదట కనబడునది వానికే. ఎదిరించుట తప్ప వేరు దారి లేనివాడును వాడే. ఐరోపాలో నేడు ఒప్పందము ముగిసి, సంచి సర్దుకొని, పొరుగుదేశమునకు పనికి పోవు పేరులేని ఆటగాండ్రు వందలుగా కలరు. వారి ప్రయాణమునకు వెల చెల్లించినవాడు వారివంటి ఆటగాడే.