పుదుక్కోట్టై పల్లెల్లో ఓ బస్సు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచి 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టేసి ఉంచడంతో తప్పించుకోలేకపోయారు. మన హేతువాదులు దీన్ని మూఢనమ్మకం ఖాతాలో వేసి ఊరుకుంటారు. నేనొకటి అడుగుతాను: ఆ కుటుంబాలకు దర్గా కన్నా దగ్గర్లో మానసిక వైద్యుడు దొరికాడా?

కీల్పాక్ ప్రభుత్వ మానసిక వైద్యశాలను 1961 నుంచి 1978 దాకా నడిపిన డాక్టర్ శారదా మీనన్, 1984లో చెన్నైలో స్కిజోఫ్రీనియా రోగుల కోసం 'స్కార్ఫ్' స్థాపించారు. ఆ తర్వాత డాక్టర్ ఆర్. తారా డైరెక్టరుగా ఉండగా, 2010లో స్కార్ఫ్ వాళ్ళు పుదుక్కోట్టై జిల్లా పల్లెలకు ఒక బస్సు పంపారు. అందులో రోగి కూర్చునేందుకు గది, తెర, మందుల కౌంటరు. చెన్నైలోని డాక్టరు వీడియోలో రోగితో, ఇంటివాళ్ళతో మాట్లాడి మందులు రాస్తే, అవి బస్సులోనే ఉచితంగా ఇచ్చేవారు. ఈ జబ్బులేమిటో జనానికి చెప్పే సినిమాలూ చూపించేవారు.

నన్నడిగితే, ఆ మందుల కౌంటరే అసలు సంగతి. చీటీ రాసిచ్చి పట్నం పొమ్మంటే, వీడియో ఉండి ఏం లాభం? రోగుల్ని గుర్తించి తీసుకొచ్చిందీ, తర్వాత వాళ్ళ బాగోగులు కనిపెట్టుకుని ఉన్నదీ శిక్షణ పొందిన స్థానికులే. టెక్నాలజీని పొగిడేవాళ్ళు వీళ్ళ ఊసెత్తరు.