ఇంటి వానపాముల పెంపకం (నిజామాబాద్–బోధన్ ప్రాంతం)

వంటింటి తడిచెత్త, పశువుల పెండ, పంట చెత్త వానపాములకు మేతగా వేసి, వాటి విసర్జనను ఎరువుగా తీసుకునే పద్ధతి. ఎరువును వర్మీకంపోస్టు అంటారు. వానపాములు నేలకు చేసే మేలును శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి పెద్ద రచన డార్విన్ 1881లో వెలువరించిన గ్రంథం. ఇంటి తొట్టిలో పెంపకాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఎక్కువగా అమెరికాకు చెందిన మేరీ అపెల్‌హాఫ్ 1982 నాటి పుస్తకం. తెలుగు నేలపై ఇది 1990ల నుంచి వ్యాపించిందనడం సమంజసం. పటాన్‌చెరులోని పరిశోధన సంస్థ ఇక్రిశాట్, జహీరాబాద్ ప్రాంతంలోని డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ద్వారా దీన్ని ఊళ్లలోకి తీసుకెళ్లాయి.

మేత

చెరకు ప్రాంతాల వర్మీకంపోస్టు గురించి రాసినవారు ముందుగా ప్రస్తావించేది చక్కెర ఫ్యాక్టరీ మడ్డిని. రసాన్ని వడకట్టాక మిగిలే ఈ మడ్డి, ఆడిన చెరకు బరువులో దాదాపు 3–4 శాతం ఉంటుంది. వానపాములు దీన్ని ఇష్టంగా తింటాయి గానీ తాజాగా ఉన్నప్పుడు కాదు. అందులో మైనం ఉంటుంది. కుప్ప పోస్తే లోపల కాగిపోతుంది. కొన్ని వారాలు మాగనిచ్చి, తిరగేసి, చల్లారాకే వాడాలి.

బోధన్‌లో ఈ వనరు ఇప్పుడు అందుబాటులో ఉందనుకుని మొదలుపెట్టకూడదు. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం పుట్టుకకు 1937, 1938 అని రెండు సంవత్సరాలు కనిపిస్తాయి; మొదటిది కంపెనీ ఏర్పాటుకు, రెండోది గానుగ మొదలుకు చెందినవనుకుంటే పేచీ ఉండదు. మూత విషయంలో అంత సందిగ్ధం లేదు: 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. నిజాంసాగర్ ఆయకట్టులో చెరకు తగ్గి వరి పెరగడానికి ఇదొక్కటే కారణమని చెప్పలేం గానీ, మడ్డి దొరకకపోవడానికి మాత్రం ఇదే కారణం. మిగిలిన చెరకు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు పోతుంది. మడ్డి కావాలన్నా అటే చూడాలి. ఒకటి రెండు తొట్ల కోసం బండి కట్టుకుని పోవడం దండగ.

అందువల్ల ఇళ్లలో మేతకు ఆధారం పెండే. పచ్చిపెండ వేడి పుట్టిస్తుంది, అమ్మోనియా వదులుతుంది. 15–20 రోజులు ఆరిన పెండ మేలు. దానికి వరిగడ్డి, సోయా పొట్టు, ఎండుటాకులు కలుపుతారు. వరిగడ్డి కుళ్లడానికి చాలాకాలం పడుతుంది కనుక ముక్కలు చేసి తడిపి వేయాలి. చెరకు తోటలో మిగిలే ఎండాకు పొలంలోనే కాల్చేస్తుంటారు. తొట్టికి తెస్తే దీనికీ అదే జాగ్రత్త, పైగా పెండ వాటా పెంచాలి. ఆర్మూరు, బాల్కొండ వైపు దండిగా దొరికే పసుపు ఆకులో ఘాటు నూనె ఉంటుంది. సగం మాగాక వేయడం క్షేమం. వంటింట్లోంచి కూరగాయల తొక్కలు, టీపొడి, అరటి తొక్కలు పనికొస్తాయి. ఉప్పు పడ్డ కూర, నూనె, మాంసం, నిమ్మ చెక్కలు పనికిరావు.

పురుగుల రకాలు

ఇళ్లకు చేరేవి ప్రధానంగా రెండు విదేశీ జాతులు: ఎర్రటి ఐసీనియా ఫెటిడా, దానికన్నా పొడవుగా ఊదారంగు మెరుపుతో ఉండే యూడ్రిలస్ యూజీనియే. పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ మన దేశపుదే. వాన పడబోయే రాత్రి తొట్టి గోడెక్కి గుంపుగా వెళ్లిపోవడం దీనికి అలవాటు, మూత లేకపోతే తెల్లారేసరికి సగం ఉండవు. ఐసీనియా చలికి బాగా ఓర్చుకుంటుంది, 35 డిగ్రీలు దాటితే చస్తుంది. యూడ్రిలస్‌కు చలి పడదు.

ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ అనుయాయులు ఐసీనియాను అసలు వానపాముగానే లెక్కించరు. మట్టి తినదని, లోహాలు పోగుచేస్తుందని వారి అభ్యంతరం. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు దాన్నే సిఫారసు చేస్తాయి. ఐసీనియా ఉపరితలంలో కుళ్లే పదార్థం తిని బతికేదే, పొలంలో వదిలితే నిలవదు. కాడ్మియం వంటివి ఒంట్లో పోగుచేసుకోవడం కూడా నిజమే. అయితే తొట్టిలో చెత్తను ఎరువు చేయడానికి కావలసింది ఇలాంటి జీవే. పొలంలో వానపాములు పెరగాలన్న లక్ష్యానికి ఆ వాదన సరిపోతుంది, తొట్టికి వర్తించదు.

తొట్టి, ఎండ

పొలాల్లో 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు సిల్పాలిన్ (ప్లాస్టిక్ పట్టా) బెడ్లు మామూలు. ఇంటికి అడుగున చిల్లులు పెట్టిన డ్రమ్ము, పాత సిమెంటు తొట్టి చాలు. కిలో పురుగుల్లో పెద్దవి సుమారు వెయ్యి ఉంటాయి. రోజుకు తమ బరువంత తింటాయని అమ్మకందారులు చెబుతారు. సగం లెక్కతో మొదలుపెట్టడమే నయం, మిగిలిపోయిన చెత్త పులిసి ఈగలను పిలుస్తుంది.

నిజామాబాద్‌లో తొట్టి చెడేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లోనే. బయట 44–45 డిగ్రీలున్నప్పుడు డాబా మీద ప్లాస్టిక్ డ్రమ్ము ఉడికిపోతుంది. పురుగులు అడుగున ఉండలా చుట్టుకుంటాయి, ఆపై మూడు నాలుగు రోజుల్లో కుళ్లిన వాసన వస్తుంది. వేప కిందో, ఉత్తరం గోడ నీడనో పెట్టి, తడి గోనె సంచి కప్పి, రోజుకు రెండుసార్లు నీళ్లు చిలకరించాలి. తేమ 60–80 శాతం ఉండాలంటారు. ఇంట్లో దాన్ని పిడికిలితో చూస్తారు: గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందున చుక్క మెరవాలి గానీ ధార కట్టకూడదు. చీమలకు తొట్టి కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టాలి. వేపపిండిని చుట్టూ చల్లవచ్చు, లోపల పోయరాదు. పందికొక్కులకు ఇనుప జాలీ తప్ప మార్గం లేదు.

మెడ దగ్గర లావాటి పట్టీ కనిపిస్తే పురుగు గుడ్లు పెట్టే వయసుకు వచ్చినట్టు. గుడ్ల తిత్తులు ఆవగింజకన్నా కాస్త పెద్దవి, నిమ్మకాయ ఆకారంలో, లేత పసుపు రంగులో ఉంటాయి. ఒక్కో ఐసీనియా తిత్తి నుంచి రెండు నుంచి నాలుగు పిల్లలు, సాధారణంగా మూడు వారాలకు వస్తాయి.

ఎరువు తీయడం

45–60 రోజులకు పైపొర టీపొడిలా నల్లబడుతుంది. నాలుగైదు రోజులు నీళ్లు ఆపి, గోపురంలా పోగు చేస్తే పురుగులు వెలుతురుకు జడిసి అడుక్కు దిగుతాయి. పైనుంచి గీరి తీసి జల్లెడ పట్టాలి. జల్లెడ పైన నిలిచిన గుడ్ల తిత్తులను తిరిగి తొట్టిలో వేస్తారు. అమ్మదలచుకుంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది: తేమ 15–25 శాతం, నత్రజని కనీసం 1 శాతం, సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం, కాడ్మియం కిలోకు 5 మిల్లీగ్రాములకు మించకూడదు. పెరటి మొక్కలకు వేసుకునేవారు తేమ, వాసన చూసుకుంటే చాలు.