గోదారి లంకల లెక్క

ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో వెలువరించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదల తేడాల గురించి చెబుతూ ‘ఇండియన్ లుంకా’ అనే చుట్టను ప్రస్తావిస్తాడు. గోదావరి పాయల మధ్య లంకల్లో పండిన పొగాకు చుట్ట అది. అప్పటికే మద్రాసు రాజధానిలో దానికి గొప్ప గిరాకీ.

ఆ గిరాకీకి అసలు పెట్టుబడి వరదే. వానాకాలంలో ఎర్రనీరు లంక మీదికి ఎక్కుతుంది, తీసేటప్పుడు ఒండ్రు వదిలి వెళుతుంది. రైతు పొలంలోకి దిగి ముందుగా చూసేది ఎంత మేట పడిందన్నదే. బెత్తెడు ఒండ్రు పడిందా, ఆ ఏడు ఎరువు ఖర్చు కలిసొచ్చినట్టే. ఇసుక మేట వేస్తే మాత్రం పంట మాట మరిచిపోవాల్సిందే. నది కోతకు దిగితే చేనే మిగలదు. దిగువన ఇంకోచోట కొత్త లంక లేస్తుంది. అలా లేచిన లంకలను సర్కారు కౌలుకిచ్చి ఆదాయం రాబట్టుకునేది. వరద తగ్గాక నాటిన పొగాకు చలికాలంలో ఎదిగేది. కోసిన ఆకును వేలాడదీసి ఆరబెట్టి, కుప్పలు పెట్టి మగ్గబెడితే చుట్టకు కావలసిన ఘాటు వచ్చేది.

కాటన్ దొర 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక డెల్టా సిరి అంతా కాలువలదే అన్నట్టు చరిత్ర రాశారు. వరి వరకూ అది నిజమే. కానీ ఏటిగట్టుకు లోపల, నది వైపున ఉన్న లంకలను బతికించింది కాలువ కాదు.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ప్రాణాలు, ఇళ్లు, పంటలు పోయాయి. అలాంటి నష్టాన్ని లెక్కగట్టాల్సిందే, పరిహారం ఇవ్వాల్సిందే. అయితే నది ఏటా తెచ్చిపోసే మట్టికి మాత్రం మన లెక్కల్లో పద్దే లేదు. పద్దు లేని సొత్తు పోయినా ఎవరికీ పట్టదు. ఇది పెద్ద అన్యాయం.

పోతున్నది కూడా తక్కువేమీ కాదు. 1970ల్లో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని డెల్టాకు తెచ్చేది. 1990లు వచ్చేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. డెల్టా అంచున సముద్రం నేలను కోసేస్తుంటే, ఆ గండి పూడ్చే మట్టి పైనుంచి దిగడం లేదు. చాలావరకు ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. అక్కడైనా అది ఎవరికీ అక్కరకు రావడం లేదు. 112 టీఎంసీలు పట్టేలా కట్టిన శ్రీరాంసాగర్‌లో పూడిక పేరుకుని, ఇప్పుడు సుమారు 80 టీఎంసీలే పడుతున్నాయి.