అధ్యక్షుడి కొడుకు పార పట్టిన కథ

1934 బీహార్ భూకంపం గురించి చదువుతుంటే ఒక స్విస్ ఇంజనీరు పేరు తగిలింది. పియెర్ సెరెసోల్. కూలిపోయిన పల్లెల్ని మళ్లీ నిలబెట్టడానికి స్నేహితుల్ని వెంటేసుకుని ముజఫర్‌పూర్ జిల్లాకు వచ్చాడట. ఎవరో దొర, ఏదో మంచిపని చేశాడు అనుకుని పేజీ తిప్పేవాణ్ణే. కానీ ఆయన తండ్రి పాల్ సెరెసోల్ 1873లో స్విట్జర్లాండు అధ్యక్షుడని తెలిశాక తిప్పబుద్ధి కాలేదు. మన దగ్గర సర్పంచి గారి అబ్బాయి చీపురు పట్టుకుంటేనే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. దేశాధ్యక్షుడి కొడుకు యాభై అయిదేళ్ల వయసులో సముద్రాలు దాటొచ్చి బీహార్ మట్టి తవ్వడమేమిటి?

తీగ లాగితే డొంకంతా కదిలింది. పరాయి దేశం వెళ్లి జీతం లేకుండా పనిచేసి రావడమనే ఆచారం ఇవాళ లక్షలమందికి తెలుసు. దాని మొదట్లో నిలబడి ఉన్నది ఈ మనిషే.

సెరెసోల్ 1879లో లోజాన్‌లో పుట్టాడు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి తన కష్టార్జితం కాదంటూ దాన్ని ప్రభుత్వానికి ఇచ్చేశాడు. అమెరికా, హవాయి, జపాన్ తిరిగాడు. దొరికిన కూలిపని చేశాడు, పాఠాలు చెప్పాడు, ఇంజనీరుగానూ పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఇల్లు చేరాడు. ఆరోగ్యం సరిగా లేదని సైన్యం ఆయన్ని ముందే వదిలేసింది. అలా వదిలేసినవాళ్లు అక్కడ సైనిక పన్ను కట్టాలి. 1917లో ఆ పన్ను కట్టనన్నాడు. అధ్యక్షుడి కొడుకైనా సరే, జైల్లో పెట్టారు.

యుద్ధం వద్దు అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లకు అప్పుడూ కొదవ లేదు. సెరెసోల్‌కు ఆ ఉపన్యాసాల మీద విసుగు పుట్టింది. 1920 నవంబరులో కొద్దిమందిని కూడగట్టుకుని ఫ్రాన్సులోని ఎన్ అనే ఊరు వెళ్లాడు. నాలుగేళ్ల కిందట వెర్దన్ యుద్ధంలో ఫిరంగులు దున్నేసిన ఊరది. ఇళ్లు లేవు, రోడ్డు లేదు, పొలాల నిండా గోతులు. వీళ్లు చెక్కలతో తాత్కాలికపు ఇళ్లు కట్టారు, రోడ్డు బాగుచేశారు, గోతులు పూడ్చారు. జట్టులో స్విస్‌వాళ్లు, ఇంగ్లీషువాళ్లతో పాటు జర్మన్లు కూడా ఉన్నారు. ఊరిని నేలమట్టం చేసిన దేశంవాళ్లు అదే ఊళ్లో తట్టలు మోస్తున్నారన్నమాట.

ఊరు పులకించిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అలా జరగలేదు. కొడుకులు పోయిన తల్లులున్న ఊరు. జర్మన్లను పంపించెయ్యమని ఒత్తిడి పెరిగింది. వాళ్లొక్కళ్లనే పంపడానికి మిగిలినవాళ్లు ఒప్పుకోలేదు. అయిదు నెలలకే, 1921 వసంతంలో, శిబిరం ఎత్తేశారు. అంతర్జాతీయ శ్రమదానంలో మొదటి ప్రయత్నం అలా బోర్లా పడింది. నాకు మాత్రం ఈ చరిత్రంతటిలో అదే నిజాయితీ గల ఘట్టం అనిపిస్తుంది. సాయం చెయ్యడానికి వచ్చినవాణ్ణి కాదనే హక్కు ఆ ఊరికి ఉంది. వచ్చినవాళ్లు ఆ హక్కును గౌరవించి సామాన్లు సర్దుకున్నారు.

1924లో ఇంకో ముచ్చట. స్విట్జర్లాండులోనే ఆల్ప్స్ కొండల్లో మంచుచరియలు విరిగిపడి లేజోర్మోన్ అనే లోయలో ఊరి పొలాలు రాళ్లతో నిండిపోయాయి. శిథిలాలు ఎత్తడానికి పెట్టిన శాంతి శిబిరానికి నాయకుడు పియెర్ సోదరుడు ఎర్నెస్ట్. ఆయన స్విస్ సైన్యంలో కర్నల్! ఒక సోదరుడు సైనిక పన్ను ఎగ్గొట్టి జైలుకెళ్లాడు, ఇంకొకడు యూనిఫాం విప్పి అతని శిబిరాన్ని సైనిక క్రమశిక్షణతో నడిపించాడు. తుపాకీ పట్టనన్నవాడికి దాని బదులు పార పట్టే అవకాశం ఇవ్వండని ప్రభుత్వానికి పనిచేసి చూపించడమే వాళ్ల ఎత్తుగడ. ప్రభుత్వం చూసింది. మెల్లగా ఆలోచించింది. ఆ వెసులుబాటు స్విట్జర్లాండులో అమల్లోకి వచ్చింది 1996లో. ప్రభుత్వ ఫైళ్లు మన దగ్గరే నెమ్మదిగా కదులుతాయని బాధపడేవాళ్లకు ఇది కాస్త ఊరట.

1927లో రైన్ నది గట్టు తెగి లీఖ్టెన్‌స్టైన్ అనే చిట్టి దేశంలో పొలాలు ఇసుకలో కూరుకుపోయాయి. మరుసటి ఏడాది ఇరవైకి పైగా దేశాల నుంచి దాదాపు 700 మంది వచ్చి ఆ ఇసుక ఎత్తిపోశారు. కూలి లేదు, తిండీ పడకా మాత్రమే. మగవాళ్లు మట్టి పనికి, ఆడవాళ్లు వంటకీ బట్టలుతకడానికీ. వాళ్లను 'సిస్టర్లు' అనేవారు. ప్రపంచశాంతి కోసం బయల్దేరినవాళ్లకూ వంటింటి దగ్గరికొచ్చేసరికి కొత్త ఆలోచన తట్టలేదు.

ఇక బీహార్. 1934 జనవరి 15 మధ్యాహ్నం రెండు దాటాక భూమి కంపించింది. ముంగేర్ పట్టణం మట్టిదిబ్బయింది. ఉత్తర బీహార్‌లో ఇళ్లు కూలడం ఒక ఎత్తు, నేల చీలి లోపలి నీళ్లూ ఇసుకా పైకి చిమ్మడం ఇంకో ఎత్తు. పచ్చటి పొలాల మీద ఇసుక మేట వేసింది. బావులు ఇసుకతో పూడిపోయి తాగడానికి చుక్క నీళ్లు లేవు. చెరకు కోతకొచ్చింది, చూస్తే చక్కెర మిల్లులు దెబ్బతిన్నాయి. ఎద్దులతో తిప్పే చెరకు గానుగలు రైతులకు సమకూర్చడం కూడా సహాయ కార్యక్రమంలో ఒక పనైంది. జైలు నుంచి విడుదలైన రాజేంద్రప్రసాద్ సహాయక సంఘం పెట్టి ఈ బరువంతా నెత్తికెత్తుకున్నారు.

గాంధీజీ 1931 డిసెంబరులో ఫ్రెంచి రచయిత రొమేన్ రోలాను చూడడానికి స్విట్జర్లాండు వెళ్లినప్పుడు సెరెసోల్ ఆయన్ని కలిశాడు. ఆ పరిచయం ఉంది కాబట్టి భూకంపం వార్త వినగానే బయల్దేరాడు. ముందు ఒక్కడే వచ్చి పరిస్థితి చూసుకుని, రాజేంద్రప్రసాద్‌తో మాట్లాడుకుని, తర్వాత సహచరుల్ని తీసుకొచ్చాడు. ఏం చెయ్యాలో అక్కడివాళ్లే చెప్పారు. భూకంపం నదుల నడకనే మార్చేసింది. ఏటా వరదలో మునిగే పల్లెల్ని మెరక మీదికి తరలించాలి. అలా వెలిసిన కొత్త ఊరికి శాంతిపూర్ అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక ప్రశ్న వెయ్యకుండా ఉండలేను. బీహార్‌లో మట్టి తవ్వే కూలీలకు కరువా? నలుగురు యూరోపియన్లు ఎండలో తవ్వే మట్టి ఎంత, స్థానిక కూలి ఒక్క పూటలో తవ్వే మట్టి ఎంత? లెక్క చూస్తే దండగమారి పని. అయితే ఒకటి గమనించాలి. అప్పటికి ఇంగ్లీషు ప్రభుత్వానికీ కాంగ్రెస్‌కూ మాటల్లేవు. ఈ స్విస్ మనిషి ఇద్దరి దగ్గరా కూర్చోగలడు. పైగా తెల్లవాడంటే గుర్రం మీద నుంచి హుకుం చేసేవాడే అని తెలిసిన పల్లెలో, ఒక తెల్లవాడు రాజేంద్రప్రసాద్ చెప్పిన పని తలొంచుకుని చెయ్యడం ఎంత చిత్రం! ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. వచ్చి పోవడం కూడా ఒక్కసారితో సరిపెట్టలేదు. 1937 వరకూ మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాడు.

సాయం ఎప్పుడూ పడమటి నుంచి తూర్పుకే ప్రవహించిందనుకుంటే పొరపాటు. బీహార్‌కు ఇరవై రెండేళ్ల ముందే, 1912 చివర్లో, మనవాళ్లు బాల్కన్ యుద్ధంలో గాయపడ్డ టర్కీ సైనికులకు వైద్యం చెయ్యడానికి వెళ్లారు. ఆ జట్టు నాయకుడు డాక్టర్ అన్సారీ, హైదరాబాదులోనూ మద్రాసు మెడికల్ కాలేజీలోనూ చదివినవాడు. జట్టులో అబ్దుర్ రహమాన్ అని పెషావర్ కుర్రాడు ఉన్నాడు. ఉన్న సామాన్లు అమ్ముకుని ఓడెక్కాడట. అందరూ తిరిగొచ్చారు, అతను రాలేదు. అక్కడే ఉండిపోయి, టర్కీవాడే అయిపోయి, చివరికి కాబూల్‌కు టర్కీ రాయబారిగా వెళ్లాడు. 1925లో ఇస్తాంబుల్ వీధిలో ఎవరో కాల్చి చంపారు. పోలిక వల్ల రవూఫ్ బే అనే రాజకీయ నాయకుడనుకుని పొరబడ్డారని చెప్పుకుంటారు. పరాయి దేశంలో కలిసిపోవడానికి ఇంతకంటే సాక్ష్యం ఎవరూ ఇవ్వనక్కర్లేదు.

1938 సంగతి ఎక్కువమందికి తెలుసు. జపాన్‌తో పోరాడుతున్న చైనాకు కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లను పంపింది. అటల్, చోల్కర్, బసు, ముఖర్జీ, కోట్నిస్. సుభాష్ బోస్ చందాలు పోగు చేశాడు. సెప్టెంబరు 1న బొంబాయిలో ఓడెక్కేనాటికి షోలాపూర్ యువకుడు ద్వారకానాథ్ కోట్నిస్‌కు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. చైనాలో ఉండగానే తండ్రి పోయిన వార్త వచ్చింది. ఇంటికి వెళ్లమని తోటివాళ్లు చెప్పినా వెళ్లలేదు. భాష నేర్చుకున్నాడు, చైనా నర్సును పెళ్లాడాడు, కెనడా డాక్టరు బెత్యూన్ పేరిట వెలిసిన ఆసుపత్రికి పెద్ద అయ్యాడు. యుద్ధం ముమ్మరంగా ఉన్న రోజుల్లో మూడు పగళ్లూ మూడు రాత్రులూ నిద్రపోకుండా ఆపరేషన్లు చేశాడంటారు. 1942 డిసెంబరు 9న మూర్ఛలతో చనిపోయేనాటికి కొడుక్కి నాలుగు నెలలు కూడా లేవు, రాస్తున్న శస్త్రచికిత్స పాఠ్యపుస్తకం సగంలో ఉంది. శాంతారామ్ 1946లో సినిమా తీశాడు కాబట్టి మనకు కోట్నిస్ గుర్తున్నాడు. మిగిలిన నలుగురి పేర్లూ పోటీ పరీక్షల పుస్తకాలకైనా ఎక్కలేదు.

తర్వాతి కథ గబగబా చెప్పేయొచ్చు. 1958లో బ్రిటన్‌లో అలెక్ డిక్సన్ దంపతులు స్కూలు ముగించిన కుర్రాళ్లను విదేశాలకు పంపడం మొదలుపెట్టారు. 1960 అక్టోబరు 14న ఎన్నికల ప్రచారంలో అలసిపోయిన కెనడీ అర్ధరాత్రి రెండింటికి మిషిగన్ యూనివర్సిటీ చేరితే వేలమంది విద్యార్థులు మేలుకుని ఉన్నారు. మీలో ఎంతమంది పరాయి దేశాల్లో పనిచెయ్యడానికి సిద్ధమని అప్పటికప్పుడు అడిగేశాడు. మరుసటి మార్చిలో పీస్ కోర్ పుట్టింది. రెండేళ్లు ఉండాలి, అక్కడివాళ్లు బతికినట్టు బతకాలి. అదే ఏడాది అక్టోబరులో నైజీరియాలో పీస్ కోర్ తరఫున వెళ్లిన ఒక అమెరికన్ అమ్మాయి ఇంటికి రాసుకున్న పోస్టుకార్డు జారిపడిపోయింది. ఇక్కడి బతుకులు ఎంత అధ్వానమో అందులో రాసుకుంది. అది ఇబాదాన్ విద్యార్థుల చేతిలో పడింది. కార్డు కాపీలు పంచారు, ఊరేగింపులు తీశారు, ఆ అమ్మాయి తిరిగి వెళ్లిపోయింది. నాకు తప్పు ఆమెది ఒక్కదానిదే అనిపించదు. పక్కింటివాళ్ల గురించి ఇంటికి ఏం రాస్తామో వాళ్లు చదివితే సిగ్గుపడాల్సిరాకూడదన్న పాఠం ఆమెకు ఎవరూ చెప్పి పంపలేదు.

మన దేశానికి పీస్ కోర్‌వాళ్లు 1961 నుంచి 1976 వరకూ నాలుగువేల పైచిలుకు వచ్చారు. కోళ్ల పెంపకం, వ్యవసాయం, ఆరోగ్యం వాళ్ల పనులు. వాళ్లలో నాకు ఇష్టమైన మనిషి ఒక నర్సమ్మ. అరవై ఎనిమిదేళ్ల వయసులో, 1966లో, బొంబాయి పక్కన విక్రోలీ వచ్చి క్లినిక్‌లో పనిచేసింది. పేరు లిలియన్ కార్టర్. పదేళ్ల తర్వాత ఆమె కొడుకు జిమ్మీ అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

ఇప్పుడో? రెండు వారాల ప్యాకేజీ, లక్షల్లో ఫీజు, ఏనుగులకు స్నానాలు, అనాథ పిల్లలతో సెల్ఫీలు. గోడ ఒకటే, నెలకో బ్యాచ్ వచ్చి సున్నం వేసి పోతుంది. ఇంతకంటే ఘోరం అనాథాశ్రమాలది. కంబోడియాలో, నేపాల్‌లో అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి అమ్మానాన్నలున్నారని తేలింది. వచ్చే విదేశీ వాలంటీర్ల డబ్బు కోసం పిల్లల్ని ఊళ్ల నుంచి తెచ్చి నింపారు. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం చేసినప్పుడు ఈ వ్యాపారాన్నీ అందులో ఒక రూపంగా గుర్తించింది. సెరెసోల్ నాటికి వెళ్లేవాడు అక్కడివాళ్ల కింద పనివాడు. నేడు వెళ్లేవాడు కస్టమరు. పోయింది ఆ వరసే.

మన ఇళ్లల్లో కూడా పిల్లలు పై చదువుల దరఖాస్తులో ఒక లైను రాసుకోవడానికి ఇలాంటి ప్యాకేజీలు అడుగుతున్నారు. ఇంట్లోవాళ్లు డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగాలి: మిమ్మల్ని అక్కడ ఎవరు రమ్మన్నారు? నిజంగా వెళ్లి పనిచేసే ఓపిక ఉన్నవాళ్లకు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ ఉంది. దరఖాస్తుకు పైసా తీసుకోదు, అక్కడ బతకడానికి భత్యం కూడా ఇస్తుంది. సెరెసోల్ మొదలుపెట్టిన శిబిరాలు నేటికీ నడుస్తున్నాయి, మన దేశంలో కూడా. అనాథ పిల్లలతో రెండు వారాలు ఆడుకోవడానికి ఎవరైనా డబ్బు కట్టమంటే మాత్రం దయచేసి కట్టకండి.