ముందు ఇల్లు, తర్వాత డబ్బు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్న సామెత పుట్టినప్పుడు హోమ్‌లోన్ లేదు. నాన్న తరంలో చాలామంది ఉద్యోగులకు సొంతిల్లంటే రిటైరయ్యాక వచ్చే పీఎఫ్ డబ్బే. 1977లో హెచ్.టి. పరేఖ్ తన 66వ ఏట హెచ్‌డీఎఫ్‌సీని స్థాపించారు. మధ్యతరగతికి ఆ వరస తిరగబడటం అక్కడ మొదలైంది: ముందు ఇల్లు, తర్వాత డబ్బు.

అప్పు అందరికీ దొరికితే పోటీ కూడా అందరితోనే. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. మాకు నచ్చిన ఫ్లాట్‌కి, మేం ఇంట్లో లెక్కలేసుకుని వెళ్లేలోపే, ఇంకెవరో టోకెన్ కట్టేశారు. చివరికి ఇంకాస్త దూరంగా కొన్నాం. ఇరవై ఏళ్ల ఈఎంఐ.

ఇంటి కోసం నాన్న 58 దాకా ఆగాడు. నేను 34కే కొన్నాను. అది నాదయ్యేది మాత్రం 54కి.